మీటర్ మీద మెరిసే ఎర్ర లైటు

పోయిన ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ మా పాపా మీటర్ బాక్స్ ముందు దగ్గర దగ్గర గంటసేపు నిలబడ్డాం. ఆ నెల బిల్లు మామూలు కంటే బాగా ఎక్కువొచ్చింది, ఇంకేముంది నువ్వంటే నువ్వని మొదలైంది, మావారేమో గీజర్ అంటారు, అత్తయ్యేమో రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చునేది ఎవరూ అంటారు, నేనేమో ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాన్ల చిట్టా విప్పుతాను. ఎవరి మాటకీ ఆధారం లేదు. సరే అసలు ఏది ఎంత లాగుతోందో చూసేద్దాం అని మావారిని పైన ఉంచి, ఫోన్లో టైమర్ పెట్టుకుని మేమిద్దరం కిందకి దిగాం.

ఇప్పటి డిజిటల్ మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది చూశారా, దాని పక్కనే సన్నటి అక్షరాల్లో యూనిట్‌కి ఇన్ని పల్సులు అని ఉంటుంది. మాది 3200. అంటే ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ ఖర్చయినట్టు. యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడవడం. కాబట్టి లెక్క చాలా తేలిక, 1125ని ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య పట్టిన సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో తేలిపోతుంది (మీ మీటర్ మీద వేరే అంకె ఉంటే 36 లక్షల్ని ఆ అంకెతో భాగించి, వచ్చినదాన్ని 1125 బదులు వాడుకోండి).

అన్నీ ఆపేశానని ఫోన్లో చెప్పారాయన. ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేశారు. లైటు ఆగిపోతుందనుకుని చూస్తున్నాం, ఆగదే! 25 సెకన్లకోసారి ఠంచనుగా మెరుస్తూనే ఉంది. పాప టైమర్ చూసి లెక్కేసి 45 వాట్లమ్మా అంది. ఇంట్లో ఎవరూ ఏమీ వాడకుండానే 45 వాట్లు, అది పగలూ రాత్రీ నడుస్తుంది కాబట్టి నెల తిరిగేసరికి 32 యూనిట్ల పైమాటే. అప్పుడు ఒక్కో ప్లగ్ పీకిస్తూ వెళ్ళాం, సెట్ టాప్ బాక్స్ తీయగానే మెరుపుల మధ్య ఎడం పెరిగింది, ఏసీ స్టెబిలైజర్ తీస్తే ఇంకా పెరిగింది, కంప్యూటర్ దగ్గరి పవర్ స్ట్రిప్ ఆపితే మరికాస్త, చివరికి వైఫై రౌటర్ కూడా తీసేశాక లైటు మెరవడం మానేసింది. తర్వాత అన్నీ తిరిగి పెట్టేసి ఆఖర్న గీజర్ వేయమన్నాను. అంతే, సెకనుకి దాదాపు రెండుసార్లు కొట్టుకోవడం మొదలెట్టింది, పాప లెక్కపెట్టలేక "అమ్మా ఇది పరిగెడుతోంది, ఆపమను ఆపమను" అని అరిచేసింది.

ఈ విషయం ఎందుకింత వివరంగా చెప్తున్నానంటే, "గదిలోంచి వెళ్తే ఫ్యాన్ ఆపు" అని ఆ పిల్లకి మాటలొచ్చిన దగ్గర్నుంచీ చెప్తున్నాను, ఒక్కరోజు కూడా చెప్పకుండా ఆపింది లేదు. ఆ ఆదివారం తర్వాత చెప్పాల్సిన పని పడలేదు. కొత్తగా ఏ ఉపదేశమూ చెయ్యలేదు, భూమి గురించీ చెప్పలేదు, బిల్లు గురించీ చెప్పలేదు. కంటికి కనబడింది, అంతే. అప్పట్నుంచి నాకు ఇదే ధ్యాస పట్టుకుంది, అసలు ఒక ఇంట్లో మనుషులు కరెంటు పొదుపు చెయ్యడానికి ఏది పనిచేస్తుంది, ఏది పనిచెయ్యదు అని. దొరికినవన్నీ చదివాను, చదివినకొద్దీ మా ఇల్లే కనబడింది.

కరెంటుకి రంగూ లేదు వాసనా లేదు. కుళాయి కారుతుంటే చప్పుడు వినబడుతుంది, గ్యాస్ అయిపోతే మంట ఆరిపోతుంది, కరెంటు మాత్రం ఎంత పోతున్నా తెలీదు, నెలాఖర్న ఒక మొత్తం అంకె వచ్చి పడుతుంది. విలెట్ కెంప్టన్ అనే అమెరికా పరిశోధకుడు దీనికి మంచి పోలిక చెప్పాడు. ఒక కొట్టు ఉందనుకోండి, దాంట్లో ఏ సరుకు మీదా ధర రాసి ఉండదు, కావాల్సినవి తీసుకెళ్ళిపోతూ ఉండటమే, నెల చివర్న మొత్తానికి ఒకే బిల్లు, దేనికెంతో ఉండదు. అలాంటి కొట్లో పొదుపుగా కొనడం ఎవరి వల్లయినా అవుతుందా? మనం మన ఇంట్లో చేస్తున్నది సరిగ్గా అదే కదా. తెలివి లేకో బాధ్యత లేకో కాదు, మన చేతికి అందే సమాచారమే అలా ఉంది.

దానివల్ల ఇంకో నష్టం ఏంటంటే మనకి కనబడే వాటినే మనం దోషులు చేసేస్తాం. వెలుగుతుంది కాబట్టి లైటు. తిరుగుతుంది కాబట్టి ఫ్యాన్. 2010లో షాజీన్ అత్తారి, ఆమె తోటి పరిశోధకులూ అమెరికాలో 505 మందిని అడిగారు, కరెంటూ ఇంధనమూ ఆదా చెయ్యాలంటే అన్నిటికంటే పనికొచ్చే పని ఏంటి అని. ఎక్కువమంది చెప్పింది లైట్లు ఆపడం లాంటివే, మంచి సామర్థ్యం ఉన్న వస్తువుకి మారడం అన్నవాళ్ళు తక్కువ. చిన్న వాటి వాడకాన్ని కాస్త ఎక్కువగానూ, పెద్ద వాటి వాడకాన్ని మరీ తక్కువగానూ అంచనా వేశారట. మా ఇంట్లోనూ అంతే. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకి 5 గంటలు వెలిగితే నెలకి యూనిట్‌న్నర కూడా కాదు. మా సెట్ టాప్ బాక్స్‌ని స్నేహితురాలి దగ్గర తెచ్చిన ప్లగ్ మీటర్‌తో కొలిస్తే రిమోట్‌తో ఆపేసినా 12 వాట్లు లాగుతోంది, అంటే నెలకి ఎనిమిదిన్నర యూనిట్లు, ఆరు బల్బుల పెట్టు! ఏళ్ళ తరబడి మేము పోట్లాడుకున్నది బల్బు గురించి, బాక్స్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

డబ్బు గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే అందరూ ముందు చెప్పేది అదే. బిల్లు ఎక్కువైతే జనం వాళ్ళే తగ్గిస్తారు అంటారు. నిజమే, కానీ పూర్తిగా కాదు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే పద్ధతి చాలాచోట్ల ఉంది, ఆ చివరి యూనిట్లు ఎంత ఖరీదో తెలిస్తే మనిషి జాగ్రత్త పడతాడని దాని ఉద్దేశం. కోఇచిరో ఇటో అనే ఆర్థికవేత్త కాలిఫోర్నియా ఇళ్ళ లెక్కలు తీసి 2014లో చూపించింది ఏంటంటే, జనం ఆ చివరి యూనిట్ రేటు చూసి కాదు, మొత్తం బిల్లుని సగటున చూసుకుని నడుచుకుంటున్నారు అని. ఎవరు మాత్రం శ్లాబుల పట్టిక ముందేసుకుని గీజర్ స్విచ్ వేస్తారు చెప్పండి. పైగా కరెంటు కట్టే మనిషి ఒకరు, వాడే మనుషులు నలుగురు. బిల్లు మా ఇంట్లో ఆయన ఫోన్లోంచి కడతారు, పాపకి ఆ అంకెతో ఏం సంబంధం, అత్తయ్యకి ఏం సంబంధం.

ఇంతకంటే పెద్ద చిక్కు అద్దె ఇళ్ళది. దీని మీద నాకు ఇప్పటికీ బాధ ఉంది. ఇంతకుముందు ఉన్న ఇంట్లో గీజర్ పాతది, థర్మోస్టాట్ చెడిపోయింది, నీళ్ళు మరిగిపోతున్నా కట్ అయ్యేది కాదు. మార్చమని ఓనర్‌ని మూడుసార్లు అడిగాం, నడుస్తోంది కదా అన్నాడాయన. ఆయన తప్పని కూడా అనను పూర్తిగా, ఎందుకంటే కొత్తది కొనే ఖర్చు ఆయనది, మిగిలే యూనిట్లు మావి. మేమైనా కొనుక్కోవచ్చు కదా అంటే ఏడాదిలో ఖాళీ చేసే ఇంట్లో గోడకి బిగించే వస్తువు ఎవరు కొంటారు? కొనేవాడు ఒకడూ కట్టేవాడు ఒకడూ అయినప్పుడు ఎంత మంచి ఉద్దేశమున్నా పొదుపు అక్కడే ఆగిపోతుంది, ప్రపంచంలో అద్దె ఉన్న ప్రతిచోటా ఇదే కథ. అద్దెకున్నవాళ్ళని పట్టుకుని మీకు శ్రద్ధ లేదు అనే ముందు ఈ సంగతి కాస్త ఆలోచించాలి అనిపిస్తుంది నాకు.

ఇక పక్కింటివాళ్ళు. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇదే. కాలిఫోర్నియాలో శాన్ మార్కోస్ అనే ఊళ్ళో వెస్లీ షుల్ట్జ్, రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలూ వాళ్ళ బృందమూ ఇళ్ళ తలుపులకి చిన్న చిన్న కార్డులు తగిలించారు. కొందరికి ఆదా చేస్తే డబ్బు మిగులుతుంది అని, కొందరికి పర్యావరణానికి మంచిది అని, కొందరికి రాబోయే తరాల కోసం అని, ఇంకొందరికి మీ చుట్టుపక్కల ఎక్కువమంది ఇప్పటికే ఆదా చేస్తున్నారు అని మాత్రమే రాశారు. తర్వాత మీటర్లు చూస్తే బాగా పనిచేసింది ఆ ఆఖరిదే. అసలు సంగతి ఏంటంటే, ముందు జనాన్ని మీరు దేనివల్ల ఆదా చేస్తున్నారు అని అడిగితే అందరికంటే చివర పెట్టింది పక్కింటివాళ్ళనే, మాకు వాళ్ళతో ఏం సంబంధం అన్నట్టు. మనల్ని కదిలించేది ఏంటో మనకే తెలీదన్నమాట.

2007లో వచ్చిన ఇంకో ప్రయోగం కూడా అదే ఊళ్ళోది, దాంట్లో మీ వాడకం ఇంత, ఈ ప్రాంతంలో సగటు ఇంత అని ఇళ్ళకి రాసిచ్చారు. సగటు కంటే ఎక్కువ వాడేవాళ్ళు తగ్గించారు, బాగానే ఉంది. కానీ తక్కువ వాడేవాళ్ళు? వాళ్ళు పెంచేశారు! అరె మనం మరీ బిగబట్టుకుని ఉన్నామే అనుకున్నారేమో. అదే ప్రయోగంలో ఇంకొన్ని ఇళ్ళకి, తక్కువ వాడేవాళ్ళ కార్డు మీద ఒక నవ్వు మొహం బొమ్మ కూడా వేశారు, భేష్ అన్నట్టు. అంతే, వాళ్ళలో ఆ పెరగడం కనబడలేదు. చిన్న బొమ్మ. ఇది చదివాక నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను, ఎందుకంటే మా ఇంట్లో ఫ్యాన్ ఆపనప్పుడు అనేదాన్నే గానీ ఆపినప్పుడు ఒక్క మాటా అన్నదాన్ని కాదు.

ఆ పద్ధతినే తర్వాత పెద్ద ఎత్తున చేశారు, ఇంటింటికీ పోలిక చూపించే రిపోర్టులు పంపడం. హంట్ ఆల్కాట్ అనే ఆర్థికవేత్త 2011లో అమెరికాలోని ఆరు లక్షల ఇళ్ళ లెక్క తీస్తే సగటున 2 శాతం తగ్గింది. రెండేనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ రేటు పెంచి అంత తగ్గించాలంటే 11 నుంచి 20 శాతం దాకా పెంచాల్సి వస్తుందని ఆయన లెక్క. ఒక కాగితంతో వచ్చింది అది, ఎవరి జేబూ కొట్టకుండా.

మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటిది ఒకటి జరిగింది. కామన్ ఏరియా కరెంటు ఎక్కువవుతోందని ఒకాయన ప్రతి నెలా ఆ యూనిట్లు లిఫ్ట్ పక్కన కాగితం మీద రాసి అంటించడం మొదలెట్టారు, పోయిన నెల ఇంత ఈ నెల ఇంత అని, ఎవర్నీ ఏమీ అనకుండా. మూడో నెలకి మెట్ల లైట్లు పొద్దున్నే ఎవరో ఒకరు ఆపేస్తున్నారు. ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు. ఆయన ఇల్లు మారి వెళ్ళిపోయాక ఆ కాగితం ఆగింది, ఇప్పుడు ఆ లైట్లు పట్టపగలు కూడా వెలుగుతున్నాయి. (నేను ఆపుతున్నాను, కుదిరినప్పుడు.)

అక్కడే అసలు బాధ మొదలవుతుంది, నిలబడటం. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో కొన్ని ఇళ్ళకి మీ కరెంటు వాడకం మీద ఓ పరిశీలన జరుగుతోంది అని వారానికో పోస్టుకార్డు పంపారు, అంతకుమించి సలహా లేదు సాయం లేదు. వాడకం 2.7 శాతం తగ్గింది. మమ్మల్ని ఎవరో చూస్తున్నారు అన్న మాటే చాలింది. కార్డులు ఆగాయి, తగ్గుదలా ఆగింది. మా ఇంట్లో కూడా ఎర్ర లైటు సంబరం రెండు నెలలు గట్టిగా నడిచి తర్వాత చల్లబడింది, పెద్దవాళ్ళ విషయంలో మరీనూ.

మరి అందరూ ఒక్కసారిగా తగ్గించిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2008 ఏప్రిల్‌లో అలాస్కాలోని జూనో అనే ఊరికి జలవిద్యుత్ తెచ్చే లైన్లని మంచు చరియలు కూల్చేశాయి, డీజిల్ మీద నడపాల్సొచ్చింది, రేటు ఒక్కసారిగా ఐదింతలు అయింది. కొన్ని వారాల్లోనే ఊరు ఊరంతా నాలుగో వంతు వాడకం తగ్గించేసింది. మామూలుగా అయితే రేటు వల్లే అని వదిలేస్తాం, కానీ లైన్లు బాగుచేసి పాత రేటు వచ్చేశాక కూడా వాడకం ముందటి కంటే 8 శాతం తక్కువలోనే ఉంది. బ్రెజిల్‌లో 2001లో వానల్లేక జలాశయాలు ఎండిపోతే జూన్ నుంచి తర్వాతి ఫిబ్రవరి దాకా ఇళ్ళు 20 శాతం తగ్గించాలని పెట్టారు, దాటితే జరిమానా, బాగా తగ్గిస్తే బోనస్, అక్కడ కూడా ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇళ్ళు పాత వాడకానికి వెళ్ళలేదు. జపాన్‌లో 2011 ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత వేసవిలో తోక్యో, తోహోకు ప్రాంతాల్లో పీక్ టైంలో, అంటే అందరూ ఒకేసారి ఎక్కువగా వాడే వేళల్లో, 15 శాతం తగ్గించాలన్నారు, పెద్ద కంపెనీలకి చట్టం పెట్టారు గానీ ఇళ్ళని అడిగారంతే, దానికి సెత్సుదెన్ అని మాట, కరెంటు ఆదా అని అర్థం, ఇంటింటా ఆ మాటే.

వీటన్నిట్లో నాకు కనబడింది ఏంటంటే బ్రెజిల్‌లోనూ జపాన్‌లోనూ ఎంత తగ్గించాలో ఖచ్చితంగా చెప్పారు, అన్నిచోట్లా ఎందుకో అందరికీ అర్థమయ్యేలా చెప్పారు, పక్కవాడూ చేస్తున్నాడని తెలుసు, అందులో ఎవరూ ఒంటరి కాదు. "కరెంటు ఆదా చేయండి" అనే పోస్టర్ మీద ఇవేవీ ఉండవు. ఎంత? ఎప్పుడు? ఎవరెవరు? ఏమీ ఉండదు.

పిల్లలున్న ఇళ్ళ గురించి ఒకటి చెప్పాలి. లాస్ ఏంజిలెస్‌లో 118 అపార్ట్‌మెంట్లలో మగాలి డెల్మాస్, ఒమర్ అసెన్సియో అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు, 2015లో వచ్చింది. కొన్ని ఇళ్ళకి మీరు పక్కింటి కంటే ఇంత డబ్బు ఎక్కువ ఖర్చు పెడుతున్నారు అని, ఇంకొన్ని ఇళ్ళకి మీ వాడకం వల్ల గాల్లోకి ఇంత కాలుష్యం వెళ్తోంది, అది పిల్లల ఉబ్బసం లాంటి జబ్బులకి కారణమవుతుంది అని వారం వారం చెప్పారు. డబ్బు మాట విన్నవాళ్ళు తగ్గించలేదు. ఆరోగ్యం మాట విన్నవాళ్ళు 8 శాతం తగ్గించారు, పిల్లలున్న ఇళ్ళయితే 19 శాతం. ఆదా అయ్యే డబ్బు నిజానికి కొంచెమే, దాని కోసం కష్టపడాలా అని మనసు ఊరుకుంటుంది, పిల్ల ఊపిరి అనేసరికి ఊరుకోదు. ఒక తల్లిగా ఇది నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మేము మా ఇంట్లో చివరికి ఏం చేశాం అంటారా. రోజూ గుర్తుపెట్టుకుని చెయ్యాల్సిన పనుల్ని వీలైనంత తగ్గించుకున్నాం, ఎందుకంటే గుర్తుపెట్టుకోవడమే తెగిపోయే తాడు. టీవీ, బాక్స్, స్పీకర్లు అన్నీ ఒకే పవర్ స్ట్రిప్ మీద పెట్టి దాని స్విచ్ చేతికందే ఎత్తులో బిగించాం, ఇంతకుముందు అది టీవీ స్టాండ్ వెనక ఉండేది, వంగి చెయ్యి దూర్చాలి, ఎవరు దూరుస్తారు. గీజర్‌కి టైమర్ పెట్టాం. ఎక్కువసేపు తిరిగే రెండు ఫ్యాన్లు మార్చి బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్నవి) వేశాం, 75 వాట్లు లాగేది 30కి దిగింది, అది ఒక్కసారి చేసిన పని, ఇక ఎవరూ ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం, తక్కువ లాగుతుంది కదా అని రోజంతా వదిలేస్తే వచ్చింది వచ్చినట్టే పోతుంది, మొదటి నెల మేము సరిగ్గా అదే చేశాం.

ఇంకొకటి, అత్తయ్య దగ్గర నేర్చుకున్నది. ఏసీ మీద అందరం కలిసి ఆవిడని అంటుంటే ఒకరోజు ఆవిడ "నాకు నిద్ర పట్టాలి కదమ్మా" అంది, అంతే, ఇంకేం అనలేదు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎవరికీ ఉపయోగపడకుండా పోయే కరెంటు వేరు, మనిషి ఒంటికి హాయినిచ్చే కరెంటు వేరు. ఈ రెండూ కలిపేసి ముసలివాళ్ళ మీదో పిల్లల మీదో పడితే ఇంట్లో పొదుపు అనే మాటంటేనే విసుగు పుడుతుంది, ఆ తర్వాత ఎవరు చెప్పినా వినరు. ముందు ఆ 45 వాట్ల సంగతి చూసుకుంటే సగం గొడవలే ఉండవు. ఏసీ ఇప్పుడు 26 మీద పెట్టి ఫ్యాన్ వేస్తున్నాం, అది ఆవిడే అడిగి పెట్టించుకుంది, మేము చెప్పలేదు.

పాప ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది, ప్రతి ఆదివారం మీటర్ చూసొచ్చి ఆ వారం యూనిట్లు రాస్తుంది, తగ్గితే పక్కన నవ్వు మొహం వేస్తుంది (ఆ బొమ్మ సంగతి నేనే చెప్పాను), పెరిగితే ఏ మొహమూ వెయ్యదు, అంకె మాత్రమే. పోయిన నెలలో ఒక వారం బాగా పెరిగింది. రాత్రుళ్ళు లైట్లు, గీజర్ అర్ధరాత్రి కూడా, అన్నీ నడిచాయి. నేను ఆ కాగితం చూడటానికి వెళ్తే ఆ అంకె పక్కన చిన్న అక్షరాలతో "నానమ్మకి జ్వరం" అని రాసి ఉంది, దాని పక్కన నవ్వు మొహం కూడా వేసింది.